మరకయు, మైలయు, కాలుష్యమును

పరీక్షాపత్రములు దిద్దుచు నేనొక తప్పు చేసితిని. ఆ తప్పే యీ వ్యాసమునకు మూలము. ఇంగ్లీషు భాషయందు రంగు చెడుటను, మురికి యగుటను తెలుపు పదము లాఱింటి నిచ్చి, ఒక్కొక్కదానితో నొక్క వాక్యము వ్రాయుడని పిల్లల నడిగితిని. నక్కవాగు ప్రక్క గ్రామమునుండి వచ్చు నొక బాలిక తమ యింటి బావినీరు ‘టెయింట్’ అయినదని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో ఆ మాటను కొట్టివేసి, పైన ‘స్టెయిన్’ అని వ్రాసితిని. కార్ఖానాల నీరు చేరిన బావికి రంగు మాఱియుండును, రంగు మాఱుటకు ఈ మాటయే తగును అని నా యూహ. మఱునా డా బాలిక కాగితము చేతబట్టుకొని వచ్చినది.

“సార్, మా బావినీళ్లకు రంగు లేదు. గ్లాసుల పోస్తే తేటగనే ఉంటయి. మరి మరక ఎట్లయితది?”

నిఘంటువు తీసి చూచితిని. రెండు పదములకును మరక, కళంకము, మాలిన్యము అను మూడు మాటలే యున్నవి. నిఘంటువు మాటున దాగవచ్చును గాని ఆ ప్రశ్న మాటున దాగుటకు వీలు లేదు. ఆ బావినీటిని నేను చూడలేదు; చూడకయే దానికి రంగు పూసితిని. నాటినుండి యీ పదములను విడదీసి చూచుట నాకొక వ్యసనమైనది. చూచినకొలది నిది వ్యాకరణపు ముచ్చట గాక, మన యూళ్ల చరిత్రయే యని తోచినది.

మొదట ఇంటిని చూతము. ఇల్లాండ్ర యనుభవమునకు మించిన నిఘంటువు లేదు. కట్టిన బట్ట సాయంకాలమునకు మాయును. చెమటయు ధూళియు పైపైన నిలుచును. ఉతికినచో మరల తెల్లనగును. ఇంగ్లీషువారు దీనిని సాయిల్ అందురు. అదే బట్టపై అరటికర పడినచో అది పోగులలోనికి దిగును, ఉతుకుటతో పోదు. ఇది మరక, మా తెలంగాణమున డాగు, ఇంగ్లీషున స్టెయిన్. పసుపు పడినచోట సబ్బు తగిలిన ఎఱ్ఱనగుట అందఱు నెఱిగినదే. మరక యనగా పైన నంటిన పదార్థము గాదు. బట్టతో నొకటైన పదార్థము. ఎండలో ఆఱవేసిన రంగుచీర కొన్నాళ్లకు వెలియును. దానిపై క్రొత్తగా నేమియు పడలేదు, ఉన్నదే పోయినది. రంగు పోయినను, వేఱైనను ఇంగ్లీషున డిస్కలర్ అనవచ్చును. వాడక యుంచిన ఇత్తడిచెంబు చిలుము పట్టును, వెండిగిన్నె నల్లబడును. గాలిలోని గంధకపు ఆవిరి వెండి పైపొరతో కూడుటయే ఆ నలుపు. దీనికి టార్నిష్ అని పేరు. తోమిన మరల మెఱయును. లోని లోహము చెడలేదు, కళ మాత్రము తప్పినది. మంచిపేరు మసకబాఱినదనుటకును ఈ మాటనే వాడుదురు. సల్లీ యనునది తెల్లనిదానిని మాపుట. నేడది వస్త్రమునకంటె శీలమునకే యెక్కువగా చెల్లుచున్నది. స్మియర్ అనగా పులుముట. ఇందు పులిమినవాని చేయి కనబడును. మసిపూసి మారేడుకాయ చేయుట యని మనవారన్న పనిలోను అట్టి చేయి యొకటి కలదు.

ఇక టెయింట్. కిరసనాయిలు పోసి యుంచిన సీసాలో మంచినూనె పోసి చూడుడు. రంగు మాఱదు, రూపు మాఱదు. వాసనయో రుచియో చెడుగును పట్టియిచ్చును. ఒక్కొక్కప్పుడు అవియు పట్టియీయవు. కంటికి కనబడక లోన నంటుకొన్న చెడుగునకు ఆ పేరు. మన ‘అంటు’ అను మాట దీనికి మిక్కిలి దగ్గఱ.

కావున ఈ పదములను వేఱుపఱచుటకు మూడు ప్రశ్నలు చాలును. చెడుగు కంటికి కనబడునా? కడిగిన పోవునా? దానిని చేసినవారెవరు? పాఠకులు ఈ మూడింటిని జ్ఞప్తియం దుంచుకొందురు గాక. ముందు వచ్చు కథ యంతయు వీనిమీదనే నడచును.

పదముల పుట్టుకను చూచినను ఇదే భేదము గోచరించును. స్టెయిన్ అను మాటలో రెండు ధారలు కలిసినవి. ఒకటి రంగు పూయుటను తెలుపు ప్రాచీన స్కాండినేవియా భాషాపదము. రెండవది రంగు తీసివేయుటను తెలుపు ప్రాచీన ఫ్రెంచి పదము. పూయుటయైనను తీయుటయైనను సాక్షి కన్నే. సాయిల్ అను క్రియను వరాహమును తెలుపు లాటిను పదముతో పండితులు ముడిపెట్టుదురు. పంది పొర్లిన బురద యన్నమాట. పొల్యూట్ అను మాటయు బురదకు సంబంధించిన లాటిను పదమునుండి పుట్టినదే. టెయింట్ చరిత్ర వీనికంటె చిత్రమైనది. ఇదియు రెండు పదముల కలయికయే. ఒకటి అద్దకము వేయుట యను అర్థముగలది. టింజ్, టింక్చర్ అను మాటలు అందుండి వచ్చినవి. రెండవది తాకుట, చేరి పట్టుకొనుట యను అర్థముగల ధాతువునుండి వచ్చి, నేరము రుజువైనవాని పట్ల వాడబడినది. అంటువ్యాధిని తెలుపు కంటేజియన్, చెడుగు కలియుటను తెలుపు కంటామినేషన్ అనునవియు నీ తాకుట యను ధాతువు సంతానమే. ఇట్లు టెయింట్ నందు రంగును స్పర్శయు నొకచోట చేరినవి. కాలక్రమమున రంగు వెనుకబడి స్పర్శ ముందు నిలిచినది.

ఆ స్పర్శార్థము ఇంగ్లండు న్యాయశాస్త్రమున నొక ఘోరమునకు చోటిచ్చెను. రాజద్రోహము వంటి నేరములకు మరణశిక్ష పడినవానిని అటెయింట్ అయినవా డనిరి. మొదట నా మాటకు నేరము రుజువైనవాడని మాత్రమే యర్థము. మరక యను మాటతో పోలిక కలుగుటచే, వాని రక్తమునకే మరక పడినదను భావము పుట్టినది. వాని రక్తము చెడినది కావున వాని ద్వారమున బిడ్డలకు ఆస్తి సంక్రమింపదని తీర్పులు చెప్పిరి. తండ్రి చేసిన పనికి, అప్పటికి పుట్టనైన పుట్టని బిడ్డ అంటుపడినట్లు! 1870వ సంవత్సరపు శాసనముతో గాని ఇంగ్లండున ఈ పద్ధతి తొలగలేదు. దీనికి నవ్వుటకు ముందు మన యిల్లు మనము చూచుకొనవలసియున్నది.

మన భాషలో నేడు అందఱి నోట నున్న మాట కాలుష్యము. ఇది కలుషశబ్దమునుండి వచ్చినది. అమరసింహుడు కలుషశబ్దమును నీటిని గూర్చిన వారివర్గమున చేర్చెను. కలుషము, అనచ్ఛము, ఆవిలము అనునవి యొక ప్రక్క. ప్రసన్నము, అచ్ఛము అనునవి రెండవ ప్రక్క. అనగా కలుషమన్నది కలగిన నీరు. క్రొత్తవానకు బురదతో దిగు వాగునీరు కలుషము. శరత్కాలమున తేఱినచో నదే ప్రసన్నము. ఇది కేవలము కంటిమాట. కలగుట తాత్కాలికము; నిలువయుంచిన తేఱును, ఇండుపగింజ అరగదీసి కలిపిన త్వరగా తేఱును. కళంకశబ్దమును ఆ కోశకారుడే అంకము, లాంఛనము, చిహ్నము, లక్షణము అనువాని పంక్తిలో కూర్చుండబెట్టెను. అనగా మచ్చయు గుర్తును తోబుట్టువులు. చాకలి నల్లజీడి రసముతో బట్టమూలను పెట్టు చుక్క మరకయే. ఎంత ఉతికినను పోదు. కాని బట్ట తప్పిపోకుండ యజమాని యింటికి చేర్చునదియు నదే. గుర్తు ఏదో, కళంక మేదో అనేకపర్యాయములు చూచువాని మనస్సే నిర్ణయించును.

మైల యను మాట వీనియన్నింటికంటె వేఱు. మలినమునకు సంబంధించిన మాటయే యైనను, మన యాచారములో మైల కంటికి కనబడనక్కఱలేదు. నీటితో మాత్రమే పోదు. దినముల లెక్కయో మంత్రమో కావలెను. పురిటిమైలకును చావుమైలకును లెక్క కలదు. లెక్క తీరిన తొలగిపోవును. కాని కొందఱు మనుష్యులకు మాత్రము మైల పుట్టుకతో వచ్చి కాటివఱకు వెంట నడచునని శాసించిరి. వారు తాకిన బావి చెడెననిరి. టెయింట్ అను మాటలోని కీడంతయు నిక్కడ మనుష్యశరీరమునకు తగిలింపబడినది. కనబడదు; కడిగిన పోదు; ఇక చేసినవారెవరన్న మూడవ ప్రశ్నకు చోటే లేదు, ఏలయన చేసినది పుట్టుక.

ఈ మైల యెంత యథార్థమైనదో మహాడు పట్టణపు చవదారు చెఱువు లోకమునకు తేటపఱచినది. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేడ్కరు తన యనుచరులతో నడచివెళ్లి ఆ చెఱువునీరు త్రాగెను. పురపాలకసంఘము 1924లోనే ఆ చెఱువును అందఱకు తెఱచితిమని తీర్మానించియుండెను. అయినను అగ్రజాతులవారు చెఱువు మైలపడినదని, 108 కుండలతో, పంచగవ్యముతో, మంత్రములతో శుద్ధిచేసిరి. వేలకొలది మనుష్యులు దోసిట త్రాగినంత మాత్రమున ఆ నీటిలో మాఱినదేమియు లేదు. పేడయు మూత్రమును నీట కలిపినప్పుడు మాత్రము మాఱును. రసాయనశాస్త్రము చొప్పున చూచినచో ఆ దినములలో ఆ చెఱువును కలుషితము చేసిన పని యేదైన నున్నయెడల, అది యీ శుద్ధియే. పదేండ్లు వ్యాజ్యము నడచి, 1937లో బొంబాయి హైకోర్టు అంబేడ్కరు పక్షమున తీర్పు చెప్పెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసెను.

ఇచ్చట భాషాచరిత్రయం దొక మలుపును గమనింపవలెను. మన మైలను గూర్చి గ్రంథములు వ్రాసిన ఇంగ్లీషువారు దానిని పొల్యూషన్ అని యనువదించిరి. ఆ మాటకు వారిదేశమున చిరకాలము ముఖ్యార్థము దేవాలయమో శీలమో అపవిత్రమగుట. కాని పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున వారి నదులు కార్ఖానాల నీటితోను, నగరముల మురుగుతోను కంపుకొట్టసాగెను. 1865లోను 1868లోను నదులస్థితిని విచారించుటకు రాజకీయ విచారణసంఘములు ఏర్పడెను. 1876లో నదులను పొల్యూషన్ నుండి కాపాడు శాసనము వచ్చెను. ధర్మశాస్త్రపు మాట ఆరోగ్యశాస్త్రపు మాట యైనది. తాకినవా డెవడు అను ప్రశ్న పోయి, పోసినవా డెవడు, పోసిన దేమి అను ప్రశ్న వచ్చినది. పుట్టుకపై నున్న నింద పనిపైకి మరలినది. ఒక మాట చరిత్రలో నింతకంటె గొప్ప సంస్కరణ మఱొకటి యుండునా?

మన దేశమున ఆ సంస్కరణ శాసనరూపమున 1974లో వచ్చినది. ఆ యేటి జలకాలుష్య నివారణ శాసనమును ఆంధ్రప్రదేశము 1976లో స్వీకరించెను. కాలుష్యమన నేమో ఆ శాసనము జాగ్రత్తగా నిర్వచించినది. నీటి భౌతిక, రాసాయనిక, జీవసంబంధ గుణములలో దేనినైనను మార్చి, లేదా మురుగును కార్ఖానా నీటిని విడిచి, ప్రజారోగ్యమునకో, ఇంటి వాడకమునకో, వ్యవసాయమునకో, పశుపక్ష్యాదులకో హాని కలిగించుట, కలిగించునట్లుండుట కాలుష్యము. ఇందు నీటిని తాకినవాని కులప్రసక్తి లేదు. కంటికి కనబడవలెనను నియమమును లేదు. అమరసింహుని కలుషమునుండి మన శాసనపు కాలుష్యము నడచివచ్చిన దూరమిది. కాని శాసనము నడచినంత దూరము శాసనమును నడుపువారును, మనమును నడచితిమా? దీనికి మా ప్రాంతమే సాక్ష్యము.

పశ్చిమ చాళుక్యుల కాలమునాటి పొట్టలకెరె నేటి పటాన్‌చెరు అని చరిత్రకారులు గుర్తించిరి. కెరె యన్నను చెఱువే. అప్పుడును ఇప్పుడును ఊరిపేరు నీటిపేరే. నక్కవాగు ఈ ప్రాంతపు నీటిని మంజీరకు చేర్చును. మంజీర గోదావరిని చేరును. 1970ల మధ్యనుండి పటాన్‌చెరు, బొల్లారము, ఖాజీపల్లి, పాశమైలారము ప్రాంతములలో పారిశ్రామికవాడలు వెలసినవి. మందులకు మూలపదార్థములు చేయు కార్ఖానాలు, అద్దకపురంగులు, రసాయనములు, ఇనుము. కఱవుసీమకు కూలి దొరకినది. ఇది చిన్న మేలు కాదు, దానిని మఱచుట న్యాయము గాదు. కాని కొలదికాలములోనే వాగునీటికి రంగు మాఱినది, నురుగు పట్టినది. పోచారము, బచ్చుగూడెము, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి వాగుప్రక్క గ్రామములలో పైరులకును బావులకును కీడు మూడినది. చెడిన దేనినైనను మా రైతు ‘కరాబైంది’ అనును. ఆ యొక్క మాటలో మాయుట, మరక, అంటు, విషము అన్నియు కలిసిపోవును. బాధపడువానికి అది చాలును. బాధను రుజువుచేయుటకు మాత్రము చాలదు.

రుజువుచేయుటకు మాటలు వెదకినవారిలో పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు అల్లాని కిషన్‌రావు ముఖ్యుడు. 1984 డిసెంబరున భోపాలులో విషవాయువు వేలమందిని బలిగొనిన తరువాత ఇట్టి ప్రాంతములందు భయమును వివేకమును రెండును పెరిగినవి. 1986లో పర్యావరణ పరిరక్షణ శాసనము వచ్చెను. 1990లో మా ప్రాంతపు కథ సుప్రీంకోర్టు కెక్కినది. గ్రామముల నష్టమును జిల్లా న్యాయాధిపతిచే విచారింపజేసిరి; రైతులకు పరిహార మిప్పించిరి. వ్యాజ్యము 2001లో హైకోర్టునకును, 2013లో జాతీయ హరిత న్యాయస్థానమునకును మాఱి, 2017 అక్టోబరులో తీర్పునకు వచ్చినది. వ్యాజ్యము పుట్టిననాడు పుట్టిన బిడ్డ తీర్పునాటికి ఇరువదియేడేండ్లవా డయ్యెను.

ఈ నడుమ 1994లో కార్ఖానాల నీటిని శుద్ధిచేయుటకు పటాన్‌చెరువున నొక ఉమ్మడి కేంద్రము పనిచేయ మొదలిడెను. అట్టి కేంద్రములందు చూచు పట్టికలో నుండునవి: నీటి పులుపు, అందు తేలు మడ్డి, కరగిన లవణములు, నీటిలోని ప్రాణవాయువును హరించు పదార్థముల మొత్తము. ఇవన్నియు అవసరమైనవే. కాని వీనిలో పెక్కింటి తీరు మాయుటకును మరకకును చేయు చికిత్స తీరే. మడ్డి దిగినదా, కంపు తగ్గినదా, రంగు విఱిగినదా? కంటికిని ముక్కునకును పుట్టిన ప్రశ్నలు యంత్రమునకు నేర్పబడినవి. ఏ మందు ఎంత కలిసియున్నది యను ప్రశ్న ఆ పట్టికలో లేదు.

ఆ ప్రశ్నను స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లార్సన్ సహచరులతో గూడి అడిగెను. 2007లో ప్రకటించిన వారి పరిశీలన లోకమును ఉలికిపడజేసినది. సుమారు 90 మందుల కార్ఖానాల నీటిని గ్రహించు ఆ కేంద్రము శుద్ధిచేసి విడిచిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవనాశకౌషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. ఆ మందును సేవించిన రోగి రక్తములో నుండు పరిమాణమును మించిన మోతాదు అది. ఒక్కదినమున వెలువడిన మందు సుమారు 45 కిలోలని లెక్క తేలినది. అప్పటికి 90 లక్షల జనులున్న స్వీడను దేశమంతయు ఐదుదినములలో వాడునంత మందు! 2009లో అదే పండితవర్గము ఈ ప్రాంతపు రెండు చెఱువులలోను, ఆఱు గ్రామముల బావులలోను మందులు కలిసియున్నట్లు ప్రకటించినది.

బావులలో! నా విద్యార్థిని బావిని వారు పరీక్షించిరని నేననను. కాని బావినీరు తేటగా నుండియు మందులతో కూడియుండవచ్చునను విషయము ఆ బాలిక పుట్టుటకు పూర్వమే అచ్చుపడియున్నది. ఆ పిల్ల కాగితముపై సరిగా వ్రాసిన మాటను నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. ఆమె అంటు అన్నది. నేను మరక అంటిని. మరక లేదు గాన చెడుగు లేదని నా దిద్దుబాటునకు అర్థమగును. ఎన్నియో యేండ్లుగా అనేకులు చేసిన తప్పే నేనును చేసితిని.

ఇందు మఱియొక విశేష మున్నది. సూక్ష్మజీవనాశకౌషధములు నీటిలో నిలిచినప్పుడు బలహీనములైన క్రిములు చచ్చి, మందునకు లొంగనివి మిగులును. అవి వృద్ధిపొందుటయే గాక ఆ లొంగనిగుణమును ఇతరక్రిములకు కూడ నందీయగలవు. పటాన్‌చెరు దగ్గఱి వాగుల అడుగుమట్టిలో నిట్టి నిరోధగుణములు మిక్కుటముగా నున్నవని 2011లో మఱియొక పరిశీలన తెలిపినది. మరక పడినచోటనే యుండును, కాలమునకు వెలియును. ఈ అంటు తానై పెరుగును, చేతినుండి చేతికి పోవును. టెయింట్ అను మాటలో చేరిన తాకుట యను ధాతువు, మన తాతలు అన్యాయముగా మనుష్యులకు తగిలించిన ఆ స్పర్శదోషము, ఇచ్చట నిజమై నిలిచినది. మైల లేనిచోట మైల యంటిమి. ఉన్నచోట తేటనీ రంటిమి.

తరువాత జరిగినదియు తెలిసికొనదగినదే. 2009లో కేంద్ర కాలుష్యనియంత్రణమండలి దేశమందలి 88 పారిశ్రామికప్రాంతములకు మార్కులు వేయగా, పటాన్‌చెరు–బొల్లారమునకు 70.07 వచ్చినది. ఉపాధ్యాయుని లెక్కలో నిది మంచి మార్కే. ఆ లెక్కలో మాత్రము 70 దాటిన తీవ్రకాలుష్యపీడితమని యర్థము. ఆ ప్రాంతముననే శుద్ధికేంద్రపు నీటిని నక్కవాగున విడువక, సుమారు 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా హైదరాబాదు మురుగుకాలువలకును, అందుండి అంబర్‌పేట శుద్ధికేంద్రమునకును పంపిరి. వాగునకు కొంత ఊరట కలిగినది, నిజమే. కాని మంజీరకు పోవలసిన నీరు మూసీకి పోయినది. బట్టపై మరకను చెంగుమాటున మడిచినంతమాత్రమున అది పోయినట్లు కాదు. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము మందుల కార్ఖానాల నీటిలో ఈ ఔషధముల శేషమునకు హద్దులు నిర్ణయించుచు ముసాయిదా ప్రకటించెను. పట్టికలోనికి టెయింట్ ఎక్కినదని సంతోషించితిమి. 2021 ఆగస్టున వచ్చిన తుదినియమములలో ఆ హద్దులు కానరాలేదు. 2024 సెప్టెంబరున ప్రపంచారోగ్యసంస్థ ఇట్టి నీటికి మార్గదర్శకములు ప్రకటించినది. కావున ఆ హద్దులు అసాధ్యములని చెప్పుట కిక వీలు లేదు.

పదముల భేద మింత దూరము తెచ్చినది. చెడుగునకు ఏ పేరు పెట్టుదుమో ఆ చికిత్సయే చేయుదుము. మాసినదన్నచో కడుగుదుము. మరక యన్నచో రంగు విఱుతుము. కళ తప్పినదన్నచో తోముదుము. కార్ఖానాలు గేటుముందు పూలమొక్కలు నాటి, చెఱువుగట్టుకు సున్నము వేయుట యిట్టి తోముటయే. మచ్చ యన్నచో దాచుదుము, లేదా మచ్చపడిన యూరినే వెలివేయుదుము. ఈ చివరిదాని యెడల సంస్కారవంతులగు గృహస్థులు మెలకువగా నుండవలెను. నీరు చెడిన గ్రామపు పిల్లను చేసికొనుట కెట్లు, ఆ యూరి పాలు కొనుట కెట్లు అని వెనుకాడుట యెచ్చటనైనను తలయెత్తినచో, అది మైలశాస్త్రము మరల వచ్చుటయే. పోసినవానిని విడిచి త్రాగినవానిపై మచ్చ పెట్టుట పాతరోగము. అంటు అన్నప్పుడు మాత్రమే మనము అడుగవలసిన ప్రశ్న లడుగుదుము: ఏమి కలిసినది, ఎంత కలిసినది, ఎవరు కలిపిరి, ఎక్కడ ఆపవలెను? ఈ ప్రశ్నలకు జవాబు కన్ను చెప్పదు. పరీక్షయే చెప్పవలెను. పరీక్షఫలమును ఊరివారికి వారి భాషలో, వారికి తెలిసిన మాటలతో చెప్పవలెను. తేటనీరు చూపి తృప్తిపఱచుట మసిపూసి మారేడుకాయ చేయుటకు తలక్రిందులైన విద్య. మసి తుడిచి మారేడుకాయ చేయుట.

మనుస్మృతి ఆఱవ యధ్యాయమున నొక మంచిమాట కలదు. ఇండుపగింజ నీటిని తేర్చునదే యైనను, దాని పేరు చెప్పినంత మాత్రమున నీరు తేఱదని దాని తాత్పర్యము. ఆ గ్రంథమునే 1927 డిసెంబరు 25న మహాడులో అగ్నికాహుతి చేసిరి; అందు మనుష్యులకు మైల యంటగట్టిన భాగముల కది తగిన శాస్తియే. ఈ యొక్క మాటను మాత్రము నేను మిగుల్చుకొందును. పేరు నీటిని తేర్చదు. కాని తప్పుపేరు నీటిని తేఱనీయదు. అది నా యెఱ్ఱసిరా నాకు నేర్పిన పాఠము.

ఆ బాలిక కాగితముపై నా దిద్దుబాటును కొట్టివేసి, ఆమె వ్రాసిన మాటనే మరల వ్రాసి, తగ్గించిన మార్కు కలిపి యిచ్చితిని. ఆమె సంతోషించి వెళ్లినది. గుమ్మము దాటబోవుచు తిరిగి చూచి, “సార్, మరి ఆ నీళ్లు తాగొచ్చునా?” అని యడిగెను. దానికి జవాబు నిఘంటువులో లేదు, నా చేతనైన సంస్కృతములోను లేదు. ఒక సీసాలో నీరు పట్టి పరీక్షకు పంపుటలో నున్నది. మఱునాడు సీసా తెమ్మంటిని.